ట్రాక్టరును మోసే బండి: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

మూలం:

ట్రాక్టరును తూచి, ఇరుసు ఎంచి, చట్రం కట్టి, నొగ చాచి, బంతి మీద కూర్చోబెట్టి, గొలుసు వేసి, దీపం పెట్టి, ర్యాంపు దించి, ఎక్కించి, కట్టి, నంబరు వేయించి తీసుకుపో.

అమెరికాలో ఇంటి షెడ్డులో ట్రైలర్ తయారు చేసుకునేవాళ్ళు పడే పాట్లన్నీ ఒక్క వాక్యంలో ఇమిడేలా దీన్ని కూర్చాను. మాటలు పొదుపుగా ఉన్నాయి కాబట్టి వ్యాఖ్యానం అవసరమవుతుంది.

ముందు ప్రయాణికుడి సంగతి. గార్డెన్ ట్రాక్టర్ అంటే పచ్చిక కోసే యంత్రానికి అన్న, పొలం ట్రాక్టరుకు తమ్ముడు. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ళు కెంటకీ రాష్ట్రం లూయీవిల్‌లో తయారు చేసిన కబ్ కాడెట్ 1961లో అమ్మకానికి వచ్చింది. జాన్ డీర్ 1963లో విస్కాన్సిన్ రాష్ట్రం హోరికన్ కర్మాగారం నుంచి 110 మోడల్‌ను దించింది. రెండింటికీ కోలర్ ఇంజిన్లే. ఇండియానాలోని సౌత్ బెండ్ నుంచి వీల్ హార్స్ అప్పటికే బజారులో ఉంది. పోత ఇనుము దండిగా వాడి కట్టిన ఈ యంత్రాలు అరవై ఏళ్ళు దాటినా ఇంకా దున్నుతున్నాయి, మంచు తోస్తున్నాయి, చేతులు మారుతున్నాయి. రెండు వందల మైళ్ళ దూరంలో ఎవరి కొట్టంలోనో ఉన్నదాన్ని కొని తెచ్చుకోవాలన్నా, ఏటా ఆగస్టులో ఇండియానా పోర్ట్‌లాండ్‌లో జరిగే పాత ఇంజన్ల, ట్రాక్టర్ల ప్రదర్శనకు తీసుకెళ్ళాలన్నా, కారు వెనక కట్టుకునే బండి కావాలి. మన ఊళ్ళలో ట్రాక్టర్ వెనక తగిలించే తొట్టితో దీనికి పోలిక లేదు. అక్కడ ట్రాక్టర్ లాగుతుంది. ఇక్కడ ట్రాక్టరే సరుకు, లాగే కారు పెద్ద రోడ్డు మీద గంటకు 60 మైళ్ళ వేగంతో పోతుంది. ఎకరం, రెండెకరాల జాగాతో ఇళ్ళు కొనుక్కున్న అమెరికా తెలుగువాళ్ళకు కూడా ఈ అవసరం ఇప్పుడు వస్తోంది.

నా పక్షం ముందే చెప్పేస్తాను. ఈ పనికి కొత్తగా దిగినవాళ్ళు ఇనుము మందాన్ని నమ్ముకుంటారు. అర అంగుళం రేకు, రెండింతల దూలాలు వేస్తే బండికి ఢోకా లేదనుకుంటారు. బండి రోడ్డు మీద నిలవడం, తప్పడం ఎక్కువగా బరువు ఎక్కడ కూర్చుంది అన్నదాని మీద ఆధారపడుతుంది. మూల వాక్యంలోని ప్రతి మాటనూ ఆ ప్రశ్న పట్టుకునే చదువుతాను.

ట్రాక్టరును తూచి

‘తూచి’ అన్నది మొదటి మాట కావడం యాదృచ్ఛికం కాదు. కంపెనీ కాగితం మీది బరువు ఒట్టి ట్రాక్టరుది. దాని కిందికి గడ్డి కోసే డెక్ చేరుతుంది. వెనక చక్రాలకు పోత ఇనుప బరువులు బిగించి ఉంటాయి. చాలామంది పట్టు కోసం వెనక టైర్లలో కాల్షియం క్లోరైడ్ ద్రావణం పోయిస్తారు, అది గాలనుకు 10, 11 పౌండ్లు తూగుతుంది. 23 అంగుళాల టైరుకు అయిదు గాలన్లు పట్టినా ఒక్కో పక్క 50 పౌండ్లు పైనే పెరిగినట్టు. ఇవన్నీ కలిపి ఒక పాత గార్డెన్ ట్రాక్టర్ 600 నుంచి 1,000 పౌండ్ల దాకా ఎక్కడైనా తేలవచ్చు. కాబట్టి కాగితాన్ని వదిలేసి కాటా దగ్గరికి పోవాలి. పాత ఇనుము కొనే యార్డుల్లో, కంకర అమ్మే చోట్ల, లారీలు ఆగే ట్రక్ స్టాపుల్లో కాటాలు ఉంటాయి.

మొత్తం బరువు తెలిస్తే సగం పనే అయింది. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద పెట్టి ఇంకోసారి చూడాలి. మొత్తం 900 పౌండ్లు, ముందు చక్రాల మీద 360 పౌండ్లు, రెండు ఇరుసుల మధ్య దూరం 46 అంగుళాలు అనుకుందాం. 360ని 46తో గుణించి 900తో భాగిస్తే 18 అంగుళాల పైచిలుకు వస్తుంది. అంటే వెనక ఇరుసు నుంచి అంత ముందుకు కొలిచిన చోట ఈ యంత్రం గరిమనాభి ఉంది. ఆ చోట పక్క రేకు మీద సుద్దముక్కతో ఒక గీత గీయండి. ఇక బండి మీద ట్రాక్టరును ఎక్కడ నిలపాలన్న ప్రశ్నకు జవాబు ఆ గీతే చెబుతుంది.

ఇకముందు లెక్కలన్నిటికీ ఒక ఉదాహరణ పట్టుకుందాం. 900 పౌండ్ల ట్రాక్టర్లు రెండు, ఒకదాని వెనక ఒకటి. అంటే 1,800. బండి సొంత బరువు 800. మొత్తం 2,600 పౌండ్లు. ఈ సంఖ్యను లాగే వాహనం పుస్తకంతో, దాని వెనక బండి తగిలించడానికి బిగించిన హిచ్ తరగతితో పోల్చాలి. ఒకటో తరగతి హిచ్ 2,000 పౌండ్లకు, రెండోది 3,500కు. చిన్న కారు వెనక ఉండే ఒకటో తరగతి హిచ్ ఈ పనికి చాలదు. ఇనుము కొనక ముందే తెలియాల్సిన సంగతి ఇది.

ఇరుసు ఎంచి

ఇంటి బండ్లకు ఎక్కువమంది వాడేది 3,500 పౌండ్ల ఇరుసు. కొత్తది కొంటే దాని హబ్‌లో లోపలి బేరింగ్ ఎల్68149, బయటి బేరింగ్ ఎల్44649 ఉంటాయి. చక్రానికి సాధారణంగా అయిదు బోల్టులు. ఈ నంబర్ల వల్ల ఒక పెద్ద మేలుంది. రాత్రిపూట తెలియని ఊళ్ళో బేరింగ్ అరిగిపోయినా ఏ ఆటో విడిభాగాల కొట్టుకు పోయినా దొరుకుతుంది. పాత ఇరుసు వాడి డబ్బు మిగిల్చుకోవడం కన్నా ఈ మేలే ఎక్కువని నా అభిప్రాయం.

పాత సామాను వాడేవాళ్ళు ముందు చక్రాలతో నడిచే కార్ల వెనక ఇరుసు తీసుకుంటారు. అది ఇంజన్ శక్తి అందుకోని ఇరుసు కాబట్టి బండి కిందికి సులువుగా అమరుతుంది. మడత క్యాంపర్ బండ్ల పైభాగం కుళ్ళిపోతే కింది చట్రం చవకగా దొరుకుతుంది కానీ, ఆ చట్రాన్ని గుడ్డ గోడలకూ పరుపులకూ తగ్గట్టు పల్చగా కట్టారు. ట్రాక్టర్ బరువు నాలుగు చిన్న చక్రాల కింద నాలుగు చోట్ల గుచ్చుకుంటుంది. కదిలే ఇళ్ళ కింది ఇరుసులు బలమైనవే, అయితే వాటిని ఇంటిని ఒకటి రెండు సార్లు తరలించడానికే తయారు చేశారు. వాటి చక్రాల రిమ్ములు కూడా మామూలు బండ్లవి కావు.

ఇరుసును పక్క నుంచి చూస్తే మధ్యలో కొద్దిగా పైకి వంగి ఉంటుంది. బరువు పడ్డాక తిన్నగా అవడానికి అలా వంచారు. ఆ వంపు పైకే ఉండాలి, తిరగేసి బిగిస్తే టైర్ల అంచులు త్వరగా అరిగిపోతాయి. ఆకు స్ప్రింగులు ముందు చివర స్థిరమైన బ్రాకెట్టుకు, వెనక చివర ఊగే షాకిల్‌కు కట్టాలి. స్ప్రింగు వంగినప్పుడు పొడవు పెరుగుతుంది, ఆ పెరుగుదలకు చోటు ఉండాలి. మరీ గట్టి స్ప్రింగులు వేస్తే ఖాళీ బండి గుంతల్లో ఎగిరెగిరి పడుతుంది.

ఇరుసు ఎక్కడ పెట్టాలి? చట్రాన్ని ముందు నుంచి కొలిచి నూటికి 60 వంతుల దగ్గర పెట్టమని పాత లెక్క. పన్నెండడుగుల చట్రమైతే ముందు నుంచి 7.2 అడుగులు. ఎందుకో నొగ దగ్గర చెబుతాను. పెట్టాక శాశ్వతంగా వెల్డ్ చేసే ముందు ఒక కొలత తప్పనిసరి. నొగ కొసన బంతిని పట్టుకునే కప్లర్ నడి బిందువు నుంచి ఇరుసు కుడి చివరకు, ఎడమ చివరకు టేపుతో కొలవాలి. రెండూ సమానం కావాలి. చట్రం అంచు నుంచి కొలిస్తే చాలదు, ఎందుకంటే చట్రమే కొద్దిగా వంకరగా ఉండవచ్చు. బండి నడిచేది కప్లర్ వెనక. ఈ రెండు కొలతల్లో తేడా ఉన్న బండి రోడ్డు మీద పక్కకు ఒరిగి నడుస్తుంది, టైర్లను కొన్ని వేల మైళ్ళలోనే తినేస్తుంది.

టైర్ల గురించి రెండు మాటలు. పక్కన ఎస్‌టీ అని ముద్ర ఉన్నవి ట్రైలర్ కోసం చేసినవి. ఎస్‌టీ205/75ఆర్15, సి తరగతి టైరు ఒక్కోటి 1,820 పౌండ్లు మోస్తుంది, గాలి 50 పీఎస్‌ఐ ఉంటేనే. టైరు మీద చివరి నాలుగు అంకెలు అది పుట్టిన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. షెడ్డులో కదలకుండా నిలబడిన బండి టైరు చారలు కొత్తగా కనిపిస్తాయి కానీ, లోపల రబ్బరు వయసు మీరి ఉంటుంది. పాత బండి కొనేవాళ్ళు ముందు ఆ అంకెలే చదవాలి.

చట్రం కట్టి

గార్డెన్ ట్రాక్టర్ వెడల్పు డెక్‌తో కలిపి నాలుగడుగుల చిల్లర ఉంటుంది. లోపలి వెడల్పు అయిదడుగులు ఉంటే దించుకోవడానికి, తాళ్ళు కట్టుకోవడానికి చేతికి చోటు దొరుకుతుంది. రెండు ట్రాక్టర్లకు పొడవు 12 అడుగులు.

పక్క దూలాలకు 3 అంగుళాల సి చానల్ చక్కగా సరిపోతుంది, అడుగుకు 4.1 పౌండ్లు. ఇనుమును ఎత్తుగా నిలబెట్టి వాడటంలో ఉన్న లాభం మందంలో లేదు. ఒకే వెడల్పున్న బద్ద ఎత్తు రెండింతలు చేస్తే దాని బిగువు ఎనిమిదింతలు అవుతుంది. మందం రెండింతలు చేస్తే బిగువు రెండింతలే, బరువు కూడా రెండింతలు.

ఇక నేల. పావు అంగుళం ఉక్కు రేకు చదరపు అడుగుకు 10.2 పౌండ్లు. 60 చదరపు అడుగుల నేలకు 612 పౌండ్లు. అంటే ఒక ట్రాక్టర్ బరువులో మూడింట రెండు వంతులు బండి తన సొంత వీపు మీదే మోసుకు తిరుగుతున్నది. పురుగు పట్టకుండా మందు ఎక్కించిన పైన్ పలకలు ఇందులో సగానికి మించవు, విరిగితే ఒక్క పలక మార్చుకోవచ్చు, తడిసినప్పుడు కూడా ఉక్కు రేకంత జారవు. ఆ మందులో రాగి ఉంటుంది, మామూలు బోల్టులను తినేస్తుంది. వేడి జింకులో ముంచిన బోల్టులు కొనాలి.

మూలలు తొంభై డిగ్రీలో లేదో చూడటానికి మూల నుంచి ఎదుటి మూలకు రెండు కొలతలు సమానమైతే చాలు. వెల్డింగ్ వేడికి ఇనుము గుంజుకుంటుంది కాబట్టి ముందు అన్ని చోట్లా చిన్న చిన్న చుక్కలు పెట్టి, మళ్ళీ కొలిచి, తర్వాతే పూర్తిగా అతకాలి. ఒక పక్క మొత్తం అతికి ఇంకో పక్కకు రావడం మంచి పద్ధతి కాదు. వెల్డింగ్ కడ్డీల్లో 6011 తుప్పు, రంగు ఉన్న పాత ఇనుమును కూడా పట్టుకుంటుంది. బలం కావలసిన అతుకులకు 7018. ఆ సంఖ్యలో మొదటి 70 అంటే చదరపు అంగుళానికి 70,000 పౌండ్ల తన్యబలం. కానీ ఆ కడ్డీ తేమ పీల్చుకుందంటే అతుకులో పగుళ్ళు పుడతాయి, పొడిగా దాచుకోవాలి.

జింకు పూత ఉన్న ఇనుమును పూత గీకకుండా వెల్డ్ చేసేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ తెల్ల పొగ పీలిస్తే కొన్ని గంటల్లో వణుకుతో జ్వరం వస్తుంది. పాలు తాగితే పొగ అంటదని అక్కడి వెల్డర్లలో ఒక నమ్మకం ఉంది, దాన్ని నమ్ముకోకండి. పూత గీకేయాలి, తలుపులు తెరవాలి, తగిన మాస్కు పెట్టుకోవాలి.

నొగ చాచి

అమెరికన్లు టంగ్ అనే ముందు దూలం ఇది. ఈ వాక్యంలో అన్నిటికన్నా బరువైన మాట.

ఎడ్లబండి తోలినవాళ్ళకు ఈ సూత్రం పుస్తకం లేకుండానే తెలుసు. బస్తాలు వెనక్కి వేస్తే నొగ పైకి లేచి, కాడి కింది పలుపు ఎద్దు గొంతుకు బిగుస్తుంది. మరీ ముందుకు వేస్తే బరువంతా ఎద్దు మెడ మీద పడుతుంది. బండి నింపే మనిషి నొగను చేత్తో ఎత్తి చూసి, కాస్త ముందు బరువు ఉండేట్టు సరిచేసుకునేవాడు. కారు వెనక బండికీ ఇదే లెక్క, ఇక్కడ దాన్ని అంకెల్లో చెబుతారు. మొత్తం బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు నొగ మీద పడాలి. మన 2,600 పౌండ్లకు 260 నుంచి 390.

తక్కువైతే ఏమవుతుంది? గరిమనాభి ఇరుసుకు దగ్గరగానో వెనకకో జరిగితే బండి రోడ్డు మీద తోక ఆడించడం మొదలుపెడుతుంది. గాలి తోసినా, పక్కనుంచి లారీ పోయినా చిన్న ఊపు పుడుతుంది. ముందు బరువున్న బండిలో ఆ ఊపు తనంతట తనే తగ్గిపోతుంది. లేని బండిలో ఒక్కో ఊపుకూ పెరుగుతూ పోయి, చివరకు కారును కూడా తిప్పేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి ఇంటి ముందు వీధిలో 30 మైళ్ళకు బాగా నడిచిన బండి హైవే మీద ప్రాణం తీయవచ్చు. ఏ మందం ఇనుమూ దీన్ని ఆపలేదు.

లెక్క చేసి చూద్దాం. కప్లర్ నుంచి ఇరుసుకు 11.2 అడుగులు. అంటే చట్రం ముందు నాలుగడుగుల నొగ, ఆ తర్వాత 7.2 అడుగులు. రెండు ట్రాక్టర్ల ఉమ్మడి గరిమనాభి చట్రం నడిమధ్య, అంటే ముందు నుంచి ఆరడుగుల దగ్గర ఉందనుకుంటే అది ఇరుసుకు 1.2 అడుగులు ముందు. 1,800ను 1.2తో గుణించి 11.2తో భాగిస్తే 193 పౌండ్లు. ఖాళీ బండి నొగ బరువు ఓ 100 కలిపితే 293. మొత్తంలో నూటికి 11 వంతులు పైనే. అరవై నలభై లెక్క ఎందుకు పుట్టిందో ఇక్కడ తెలుస్తుంది. ఇప్పుడు అదే సరుకును ఒక్క అడుగు వెనక్కి జరపండి. నొగ మీంచి 160 పౌండ్లు ఎగిరిపోయి 130 చిల్లర మిగులుతుంది. అంటే నూటికి అయిదు. అదే ట్రాక్టర్, అదే ఇనుము, అదే డ్రైవరు. ఒక అడుగు తేడాతో బండి నమ్మకమైనది కాస్తా ప్రమాదకరమైంది.

దీన్ని లెక్కలతో వదిలేయకూడదు. ఇంట్లో తూచుకునే కాటా ఉంటే, ఒక దిట్టమైన పలకను ఒక చివర ఇటుక మీద, ఇంకో చివర కాటా మీద ఆనించి, నొగను పలక నడిమధ్య దించితే కాటా సగం బరువు చూపిస్తుంది. దాన్ని రెట్టింపు చేసుకోవాలి. బండి నేలకు సమాంతరంగా ఉండాలి, కప్లర్ ఎత్తు బంతి మీద ఉన్నప్పుడు ఎంతో అంతే ఉండాలి.

నొగ పొడవు కూడా బరువు సంగతే. పొడుగాటి నొగ ఉన్న బండి నిలకడగా నడుస్తుంది, రివర్స్ చేయడం సులువు. నాలుగడుగులకు తగ్గించకపోవడం మంచిది. నిర్మాణంలో ఒక్క జాగ్రత్త గట్టిగా చెప్పాలి. నొగ చేతులు చట్రం ముందు దూలం దగ్గర ఆగిపోకూడదు, దాని కిందుగా వెనక్కి పోయి ఇంకో అడ్డ దూలాన్ని పట్టుకోవాలి. వంపు బలం అన్నిటికన్నా ఎక్కువ పడేది ఆ ముందు దూలం దాటే చోటే. అక్కడ నొగ దూలం పై అంచునో కింది అంచునో అడ్డంగా వెల్డ్ చేస్తే ఆ వేడి తగిలిన గీత వెంబడే ఏళ్ళ తర్వాత పగులు పాకుతుంది. అతుకు దూలం పొడవునా, పక్క గోడ వెంట వేయాలి. పాత ఇంటి బండి కొనబోయేవాళ్ళు టార్చి లైటు పట్టుకుని మొదట పడుకుని చూడాల్సిన చోటు కూడా అదే.

బంతి మీద కూర్చోబెట్టి

హిచ్ బంతులు మూడు కొలతల్లో ఎక్కువగా దొరుకుతాయి. 1⅞ అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు. కొలత, మోసే బరువు రెండూ బంతి తల మీదే చెక్కి ఉంటాయి. 2 అంగుళాల కప్లర్ 1⅞ బంతి మీద కూడా కూర్చుంటుంది, గొళ్ళెం కూడా పడుతుంది, అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. మొదటి పెద్ద గుంతలో ఎగిరి ఊడిపోతుంది. అందుకే బిగించిన ప్రతిసారీ జాకీతో నొగను పైకి ఎత్తి చూడాలి. కారు వెనక భాగం దానితోపాటు లేస్తే పట్టు పడినట్టు. బంతి ఎత్తు, బండి చట్రం ఎత్తు కుదరకపోతే దించిన లేదా ఎత్తిన బంతి మౌంట్ కొనుక్కోవాలి. ముక్కు పైకి లేచిన బండి బరువును వెనక్కి పంపుతుంది, అదే పాత జబ్బు.

గొలుసు వేసి

రెండు గొలుసులు, నొగ కింద ఒకదాని మీద ఒకటి అడ్డంగా దాటేట్టు. కప్లర్ ఊడితే నొగ రోడ్డును గుచ్చుకోకుండా ఆ గొలుసుల ఊయలలో పడుతుంది. మలుపు తిరగడానికి సరిపడా వదులు ఉండాలి, నేలకు రాసుకోకూడదు. ఒక్కో గొలుసు బండి నిండు బరువంతటినీ తానొక్కటే ఆపగలిగి ఉండాలి. గట్టిపరచిన గొలుసు కడియాన్ని నేరుగా చట్రానికి వెల్డ్ చేయకండి. వేడికి ఆ కడియం బలం పోతుంది. బోల్టుతో బిగించండి.

బ్రేకుల మాట మూల వాక్యంలో లేదు, అయినా ఇక్కడే చెప్పాలి. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌండ్లు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు ఉండాలి, కొన్ని చోట్ల గీత వేరు. మన ఉదాహరణ గీత కింద ఉంది. అయినా ఇరుసు కొనేటప్పుడే బ్రేకు బిగించుకోవడానికి వీలున్న నాలుగు రంధ్రాల పళ్ళెం అతికినది తీసుకోమని నా సలహా. రేపు బరువైన ట్రాక్టర్ కొంటే ఇరుసు మార్చనక్కర్లేదు.

దీపం పెట్టి

నాలుగు తీగలు. తెలుపు ఎర్త్, గోధుమరంగు వెనక దీపాలు, పసుపు ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ కుడి. బ్రేకు దీపం ఆ చివరి రెంటిలోనే కలిసి ఉంటుంది. దీపాలు మినుకుమినుకుమంటుంటే పదింట తొమ్మిదిసార్లు తెల్ల తీగదే లోపం. రంగు గీకేసి మెరిసే ఇనుముకు బిగించాలి. పక్కల రిఫ్లెక్టర్లు, నంబరు పలకకు దీపం మరవకూడదు. బండి వెడల్పు 80 అంగుళాలు దాటితే ఇంకా దీపాలు కావాలి, మనది దాటదు.

ర్యాంపు దించి, ఎక్కించి

రెండు మాటలు కలిపి చదవాలి, ఎందుకంటే దెబ్బలు ఎక్కువగా తగిలేది ఈ రెంటి మధ్యలోనే.

చట్రం నేల నుంచి 20 అంగుళాల ఎత్తున ఉంటే అయిదడుగుల ర్యాంపు దాదాపు 20 డిగ్రీల వాలు ఇస్తుంది. నాలుగడుగులదైతే 25 డిగ్రీలు. ఆ అయిదు డిగ్రీలు చిన్నవి కావు. ఈ ట్రాక్టర్లను వెనక చక్రాలే నడుపుతాయి, సీటు కూడా వెనకే. ముందుకు ఎక్కుతూ క్లచ్ ఒక్కసారి వదిలితే ముందు చక్రాలు లేస్తాయి. ర్యాంపు పై అంచు దగ్గర కింద వేలాడే డెక్ తగిలి ఆగిపోతుంది. ఆ కుదుపుకు ర్యాంపు కాలు జారుతుంది. కాబట్టి ర్యాంపును చట్రానికి గొలుసుతోనో పిన్నుతోనో కట్టకుండా ఎక్కించవద్దు. డెక్‌ను పూర్తిగా ఎత్తి ఉంచాలి.

ఇక్కడా బరువే అసలు మాట. మన బండి వెనక అంచు ఇరుసుకు 4.8 అడుగుల వెనక ఉంది. 900 పౌండ్ల ట్రాక్టర్ గరిమనాభి సరిగ్గా ఆ అంచు మీదకు వచ్చిన క్షణంలో నొగను 386 పౌండ్ల బలం పైకి లేపుతుంది. ఖాళీ బండి నొగ బరువు 100 తీసేసినా 286 పౌండ్లు కారు వెనక భాగాన్ని పైకి ఎత్తుతున్నాయి. కారు హ్యాండ్ బ్రేకు పట్టుకునేది వెనక చక్రాలనే, ఆ చక్రాలే తేలికైపోతాయి. వాలు నేల మీదైతే కారు, బండి కలిసి జారవచ్చు. కారు తగిలించకుండా ఎక్కించబోతే నొగ ఒక్కసారిగా మనిషి ఎత్తుకు లేస్తుంది. చట్రం వెనక రెండు మూలల కింద దించుకునే కాళ్ళు రెండు పెట్టుకుంటే ఈ ప్రమాదమంతా పోతుంది. రెండు ఇనుప గొట్టాలు, రెండు పిన్నులు. ఇంటి బండ్లలో చాలావాటికి ఇవి ఉండవు, ఎందుకు ఉండవో నాకు అంతుపట్టదు.

ఇంకో గట్టి అభిప్రాయం. బండి ముందు భాగంలో చేత్తో తిప్పే వించ్ ఒకటి బిగించుకోండి. ఇంజన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాడుతో మెల్లగా లాగితే మనిషి సీటులో కూర్చోనక్కర్లేదు. కొన్న ట్రాక్టర్లలో సగానికి సగం అసలు స్టార్ట్ కావు, అప్పుడు ఎటూ వించ్ కావాల్సిందే. లాగేటప్పుడు ట్రాక్టర్ వెనకగా ఎవరినీ నిలబడనివ్వకండి.

నిలపాల్సిన చోటుకు సుద్ద గీత గుర్తుంది కదా. ఒక్క ట్రాక్టరే ఉంటే ఆ గీత ఇరుసు కన్నా ముందుకు ఎంత రావాలో లెక్క చూసుకుని, చట్రం మీద రంగుతో ఒక గుర్తు వేసుకుంటే ప్రతిసారీ తూచే పని తప్పుతుంది.

కట్టి

నాలుగు మూలలకు నాలుగు పట్టీలు, ముందుకు రెండు, వెనక్కి రెండు లాగేట్టు. కట్టే చోటు ట్రాక్టర్ చట్రం లేదా ఇరుసు. స్టీరింగ్ కడ్డీకో, డెక్‌కో, ఫెండర్ రేకుకో కట్టిన పట్టీ పట్టీ కాదు. పట్టీ మీద రెండు సంఖ్యలుంటాయి, తెగే బరువు, పని బరువు. రెండోది మొదటిదానిలో మూడో వంతు, నమ్మాల్సింది దాన్నే. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి కట్టినా, రబ్బరు టైర్లు రోడ్డు కుదుపులకు అణిగి పట్టీలు వదులవుతాయి. కాసేపు నడిచాక ఆపి మళ్ళీ బిగించాలి. సరుకు అడుగు జరిగితే ఏమవుతుందో పైన లెక్క చూశాం.

నంబరు వేయించి

రాష్ట్రానికో పద్ధతి. ఇంట్లో కట్టిన బండికి చాలా రాష్ట్రాలు తామే ఒక గుర్తింపు సంఖ్య కేటాయిస్తాయి, కొన్ని చోట్ల అధికారి వచ్చి దీపాలు, గొలుసులు చూస్తారు, కాటా చీటీ అడుగుతారు. ఇనుము, ఇరుసు కొన్న రసీదులు మొదటి రోజు నుంచీ ఒక కవరులో వేసి ఉంచండి. పాత చట్రం వాడితే దాని పాత కాగితం కూడా.

తీసుకుపో

మొదటి ప్రయాణం ఖాళీ బండితో, దగ్గర ఊరికి. అంతకుముందు హబ్ బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ నట్టు గట్టిగా బిగించి, వెనక్కి వదిలి, మళ్ళీ చేతి వేళ్ళతో ఎంత బిగుస్తుందో అంతే బిగించి, పిన్ను వేయాలి. స్పానరుతో వేసిన బిగింపును అలాగే ఉంచేస్తే బేరింగ్ కాలిపోతుంది. పది మైళ్ళు పోయాక ఆపి, రెండు హబ్‌ల దగ్గరికీ అరచేయి మెల్లగా తీసుకెళ్ళండి. వెచ్చగా ఉండటం మామూలే. ఒకటి వెచ్చగా, ఇంకోటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ పక్క నట్టు బిగువు ఎక్కువైంది, అక్కడే సరిచేసుకోవాలి. చక్రం నట్లను మొదటి 50 మైళ్ళ తర్వాత టార్క్ రెంచితో మళ్ళీ బిగించాలి. కొత్త రిమ్ముల రంగు అణిగి నట్లు వదులవుతాయి. ఆ తర్వాత ఒక ట్రాక్టరుతో, ఆ తర్వాతే రెండింటితో.